వాన గొట్టంలో జాకెట్టు ముక్క

డబ్లిన్ శివారు లూకన్‌లో బందరు గురించి బెంగపెట్టుకుంటే వినేవాళ్ళకు కొదవ లేదు. మా వీధిలోనే గుడివాడవాళ్ళున్నారు, పక్క వీధిలో కరీంనగర్‌వాళ్ళున్నారు. ఒకరి ఊరి కబుర్లు ఒకరికి చెప్పుకుని, టీ తాగి, మనసు తేలికపడి ఇళ్ళకు వెళ్తారు. నా ఖర్మేమిటంటే నాకు బెంగ బందరు మీద కాదు, బెర్ముడా మీద. ఆ పేరు నోట్లోంచి రాగానే ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. "అమ్మో, ఓడలూ విమానాలూ మాయమైపోయేది అక్కడే కదండీ?" అంటారు. "ఎనిమిదేళ్ళు కాపురం చేశాను తల్లీ, మా ఆయన గొడుగులు తప్ప ఇంకేవీ మాయం కాలేదు" అంటాను. నవ్వుతారు. ఆ తర్వాత అడగడానికి వాళ్ళ దగ్గర ఇంకో ప్రశ్న ఉండదు.

మా ఆయనకు ఆ దీవి అంటే ఆఫీసు, స్కూటరు. అంతే. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని అక్కడా చేశాడు, ఇప్పుడు డబ్లిన్‌కు ఇంకో అంచున ఉన్న చెర్రీవుడ్‌లోనూ అదే చేస్తున్నాడు. మధ్యలో సముద్రం ఒకటి అడ్డం వచ్చిందన్న సంగతి కూడా ఆయనకు గుర్తుందో లేదో. ఇక మిగిలింది మా అమ్మాయి. అది పుట్టింది అక్కడే, నడిచింది అక్కడే, ఆరేళ్ళు నిండాక ఇక్కడికి తెచ్చాం. ఇప్పుడు సిక్స్త్ క్లాసు. నాతోపాటు ఆ దీవిని తలుచుకోవడానికి ప్రపంచం మొత్తంలో ఉన్న మనిషి అదొక్కతే. అది కూడా మర్చిపోతే నేనొక్కదాన్నే మిగులుతానని నాకు ఎప్పటినుంచో లోపల భయం.

పోయిన చలికాలంలో ఆ భయం ముదిరింది. అక్కడ మేం అద్దెకున్న ఇంటి ఆంటీకి తొంభై నిండుతున్నాయని ఆవిడ కూతురు మెసేజ్ పెట్టింది. ఆదివారం వీడియో కాల్ చేయమంది. "అమ్మ చిన్నదాన్ని చూడాలంటోంది. తనను గుర్తుపడుతుందా అని రోజూ అడుగుతోంది" అని కూడా రాసింది.

నేను ఎగిరి గంతేసినంత పని చేసి, పొద్దున్నే టోస్టు తింటున్న అమ్మాయికి చెప్పాను.

"హూ?" అంది, నోట్లో టోస్టుతో.

"హూ ఏమిటే? మన మేడమీది ఆంటీ! నీకు గోరుముద్దలు పెట్టిన మనిషి!"

"మామ్, ఐ వాజ్ ఓన్లీ సిక్స్, లైక్. ఐ డోంట్ రిమెంబర్ హర్. నేను ఏం మాట్లాడాలి ఆమెతో? ఇట్స్ సో ఆక్వర్డ్."

ఒళ్ళు మండింది. దానిమీద కాదు. ఎవరిమీదో తెలియక కాసేపు టోస్టరు మీద చూపించాను.

ఆ దీవిని పటంలో వెతికితే మొదట కనపడదు. అట్లాంటిక్ నడిమధ్యలో ఎవరో పెన్ను పెట్టి తీసినట్టు చిన్న చుక్క. పెద్దది చేసి చూస్తే గాలపు కొక్కెంలా వంపు తిరిగి ఉంటుంది. నిజానికి ఒక్క దీవి కూడా కాదు, చిన్నా చితకా దీవులను వంతెనలతో కలిపారు. బస్సెక్కితే చాలాచోట్ల కుడివైపూ సముద్రమే, ఎడమవైపూ సముద్రమే. దేశమా అంటే దేశం కాదు. జెండాలో బ్రిటన్ ఉంటుంది, గవర్నరు అక్కడినుంచే వస్తాడు. మళ్ళీ పార్లమెంటు సొంతం, డాలరు సొంతం, పొగరూ సొంతమే. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం నెత్తిమీద సున్నపురాయి పేరుకుని నేలైందట. అంత ఉత్తరాన ఉన్నా పక్కనుంచి వెచ్చటి సముద్రప్రవాహం పోతుంది కనుక మంచు కురవదు. వేసవిలో మాత్రం అచ్చం బందరు ఉక్క.

పెళ్ళయిన కొత్తలో, నన్నెక్కడో సముద్రంలో పారేస్తున్నారని ఏడుస్తూ విమానం దిగాను. దారి పొడుగునా గన్నేరు. దడికి గన్నేరు, గోడకు మందారం, పెరట్లో బొప్పాయి. ఏడుపు మానేసి టాక్సీ కిటికీలోంచి తల బయట పెట్టాను. ఇసక కొన్నిచోట్ల లేత గులాబీ రంగు. చీకటి పడితే గోరంత కప్పలు ఈలలేస్తాయి. మొదటి రాత్రి అది ఎవరో ఆకతాయి అనుకుని మా ఆయన్ను బయటికి పంపించాను. ఇంటికి ఒక్క కారే ఉండాలని అక్కడ చట్టం. ఆ ఒక్కటీ పైన ఇంటివాళ్ళదే కాబట్టి మాకు స్కూటరు. కోటు వేసి, టై కట్టి, కింద మోకాళ్ళ దాకా నిక్కరూ పొడుగు మేజోళ్ళూ తొడుక్కుని మా ఆయన స్కూటరు మీద ఆఫీసుకు వెళ్ళేవాడు. అక్కడ పెద్దమనుషుల వేషం అదే. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళమ్మకు చూపించనివ్వడు.

అన్నీ ఉన్నాయి, నీళ్ళు లేవు. నది లేదు, కాలవ లేదు, చెరువు లేదు. పడ్డ వాన పడ్డట్టు సున్నపురాయిలో ఇంకిపోతుంది. అందుకని ప్రతి ఇంటి కప్పునూ తెల్లటి రాతి పలకలతో మెట్లు మెట్లుగా కడతారు. వాన ఆ మెట్లమీద నెమ్మదిగా దిగి, గొట్టంలో పడి, ఇంటి కింద ఉన్న ట్యాంకులోకి చేరుతుంది. తాగేది అదే, వండేది అదే, స్నానం అదే. ఎవరి కప్పు వాళ్ళది, ఎవరి వాన వాళ్ళది.

నేనేమో కాలవగట్టున పుట్టినదాన్ని. వెళ్ళిన మొదటి శుక్రవారం పొద్దున్నే లేచి, బకెట్లతో నీళ్ళు మోసి గుమ్మం ముందు మెట్లన్నీ శుభ్రంగా కడిగేశాను. ముగ్గు వేద్దామని వంగుతుంటే పైన కిటికీ తెరుచుకుంది.

పైన ఉండేది ఇంటి యజమానురాలు. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన నల్లజాతి పెద్దావిడ. నిటారుగా ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, కానీ నా చెవుల్లో ఇప్పటికీ మా మేనత్త గొంతుతో తెలుగులోనే మోగుతుంది. దడదడా మెట్లు దిగి వచ్చింది. ముఖం చూస్తే నన్ను నమిలి మింగేసేలా ఉంది. వచ్చి నా ఎదుట నిలబడి, "గుడ్ మార్నింగ్" అంది.

నేను బిక్కచచ్చిపోయి చూస్తున్నాను. ఆవిడ కదలదు. చేతులు కట్టుకుని ఆగింది. కాసేపటికి నాకు వెలిగి, "గుడ్ మార్నింగ్" అన్నాను.

"ఆఁ. ఇప్పుడు చెప్పు. బుద్ధుందా నీకు?"

ఆ దీవిలో ఎంత కోపమొచ్చినా, కొంప అంటుకున్నా, ముందు పలకరింపు కావాలి. బస్సెక్కితే డ్రైవరుకు, కొట్టుకెళ్తే కొట్లో ఉన్న అందరికీ చెప్పాలి. చెప్పకుండా నోరు విప్పినవాడు మనిషి కింద లెక్క కాదు. పలకరింపు అయ్యాక ఎంతైనా తిట్టుకోవచ్చు. ఆవిడ తిట్టింది. నా మణికట్టు పట్టుకుని ఇంటి పక్కకు లాక్కెళ్ళి, ట్యాంకు మూత ఎత్తించి, లోపలికి టార్చి వేసింది. అడుగున ఎక్కడో నల్లగా నీళ్ళు కదులుతున్నాయి. పైనా కిందా రెండు కాపురాలకూ అవే.

"వాన మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా? నువ్వు మెట్లమీద పోసింది నా రేపటి టీ!"

"క్షమించండి ఆంటీ" అన్నాను, అలవాటుగా.

"నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యాను?"

"ఇప్పుడే" అన్నాను, ఏం చెప్పాలో తెలియక. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మూత మూసి, "సరే, పైకి రా. ఉన్న నీళ్ళతోనే టీ పెడతాను" అంది. అలా మొదలైంది మా చుట్టరికం.

గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోయడం, ఒంటికి సబ్బు రాసుకునేటప్పుడు షవర్ కట్టేయడం, వాన చినుకు పడితే పనులన్నీ మానుకుని గొట్టంలో శబ్దం వినడం, అన్నీ ఆవిడే నేర్పింది. వాన పడుతున్న రోజున ఆ ఇంట్లో పండగే. కింద ట్యాంకులోకి నీళ్ళు దూకుతున్న చప్పుడు వింటూ పైనుంచి ఆవిడ, కిందనుంచి నేను, అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం.

అన్నిటికన్నా పెద్ద పని తుఫానుకు ముందు. అక్కడ తుఫాను వస్తే సముద్రం లేచి కప్పుల మీద చిమ్ముతుంది. ఆ ఉప్పు ట్యాంకులో పడిందా, నెలల తరబడి తాగడానికి నీళ్ళుండవు. అందుకని గాలి మొదలయ్యేలోపే కప్పునుంచి దిగే గొట్టాన్ని మూసేయాలి. తుఫాను వెలిశాక, ఇంకో మంచి వాన పడి కప్పును కడిగేదాకా ఆగి, అప్పుడు తెరవాలి. మూయడానికి మెత్తటి గుడ్డ కావాలి. మా అమ్మ నా పెట్టెలో పేరంటాళ్ళకు పెట్టమని బోలెడు జాకెట్టు ముక్కలు సర్దింది. తీరా చూస్తే దీవి మొత్తానికి నాకు తెలిసిన పేరంటాలు మేడమీది ఆంటీ ఒక్కతే. బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో ఒకటి ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "గొట్టానికి భలే సరిపోతుంది" అంది. ఆ తర్వాత మిగిలినవన్నీ ఆ పనికే పోయాయి.

దానికొక పద్ధతుంది. గుడ్డను ఉండ చుట్టి, రొట్టె వచ్చిన ప్లాస్టిక్ కవరులో పెట్టి బిగించి, చుట్టూ తాడు కట్టాలి. తాడు చివర బారెడు బయటికి వదలాలి. "తోక వదలకపోతే రేపు పీకేదెలా?" అనేది ఆంటీ. మా అమ్మాయికి నడక వచ్చిన దగ్గర్నుంచి ఉండను పట్టుకోవడం దాని ఉద్యోగం. ఆంటీ తాడు చుడుతుంటే అది రెండు చేతులతో ఉండను నొక్కిపట్టి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేది.

అయితే ఆ నేల మాది కాదు. ఎన్నాళ్ళున్నా పర్మిట్ ఉన్నంతవరకే. అక్కడ పుట్టిన మా పిల్లకూ హక్కు లేదు. మా ఆయన ఉద్యోగాన్ని కంపెనీ డబ్లిన్‌కు మార్చింది, పర్మిట్ అయిపోయింది, మేమూ బయల్దేరాం. వెళ్ళే రోజున పెట్టెలు గుమ్మంలో పెట్టాక ఆంటీ కిందికి వచ్చింది. పలకరింపు అయింది. ఏదో పెద్ద మాట అంటుందనుకున్నాను. "స్నానం చేసి వెళ్ళు. షవర్ కట్టెయ్యక్కర్లేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు చెయ్యి" అంది. నేను ఆ నీళ్ళ కింద నిలబడి ఎంత ఏడ్చానో.

ఇక్కడికొచ్చి ఆరేళ్ళు కావొస్తోంది. మా ఆయన ఆఫీసుండే చెర్రీవుడ్ అంటే బెర్ముడా దడుల్లో కాసినట్టు ఎర్రటి చెర్రీలు ఉంటాయేమోనని మొదట్లో ఆశపడ్డాను. అద్దాల మేడలున్నాయి. ఐర్లండ్ మంచి దేశమే, మనుషులూ మంచివాళ్ళే, ఏదడిగినా బాగానే ఉందనడానికి గ్రాండ్ అంటారు. కానీ ఈ వాన చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రోజూ పడుతుంది. పడ్డదంతా గొట్టంలోంచి దిగి, జాలీలోంచి మురుగులోకి పోతుంది. ఎవరూ పట్టుకోరు, పైగా తిడతారు. ఇంత వాన అక్కడ పడితే ఆంటీ డాన్సు చేసి ఉండేది. ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లన్నా మా ఆయన "ఊఁ" అంటాడు, అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుంది.

ఆంటీతో మాట్లాడాల్సిన వారం శుక్రవారం నాడు తుఫాను హెచ్చరిక వచ్చింది. రెడ్ వార్నింగ్. బళ్ళు మూసేశారు. మా ఆయన పైగదిలో కూర్చుని ఆఫీసు కాల్ మాట్లాడుతున్నాడు. నేను పాత ఫొటోలన్నీ తీసి అమ్మాయి ముందు పరిచాను. ఇదిగో ఆంటీ, ఇదిగో నువ్వు, ఇదిగో గన్నేరు దడి. "నైస్" అంది. పరాయివాళ్ళ పెళ్ళి ఆల్బమ్ చూసినట్టు చూసి, "గాలి వచ్చేలోపు బిన్స్ లోపల పెడతాను" అని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆదివారం ఆ ముసలావిడ ముందు ఈ పిల్ల ఇలాగే "నైస్" అంటే నేనేమైపోవాలి? ఫోను పాడైందని చెప్పి తప్పించుకుంటే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను.

మధ్యాహ్నానికి గాలి, వాన. ఇల్లు ఈలలేస్తోంది. ఉన్నట్టుండి వంటింటి కప్పునుంచి టపటపా నీళ్ళు. వెనకవైపు పొడిగించి కట్టిన వంటిల్లది, కప్పు తక్కువ ఎత్తు. సరిగ్గా ప్రెస్ పైన కారుతోంది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు, అందులోనే నా బియ్యం, ఆవకాయ. గిన్నెలన్నీ వరసగా పెట్టి, "ఏవండీ!" అని ఒక్క కేక వేశాను. ఆయన చెవికి ఫోను అంటించుకునే దిగివచ్చి, "లీజు రెన్యూ చేసే ముందు ఇదేం ఖర్మ!" అని నెత్తి కొట్టుకుని మళ్ళీ పైకి పోయాడు. కారిన నీళ్ళు పారబోయబుద్ధి కాక గిన్నెలన్నీ ఒక మూల సర్దాను. నా బతుకంతే.

శనివారం గాలి తగ్గింది. మా ఆయన పెరట్లో బిన్ మీదికెక్కి వంటింటి చూరు దగ్గర వాన గొట్టం మూతి తడిమాడు.

"ఏదో అడ్డం పడిందే. ఆకులు కాదు... తాడుంది. ఎవరో తాడు కట్టారు!"

తాడు పట్టుకుని లాగాడు. బుడుక్కున ఉండ ఊడివచ్చింది, వెనకే, కప్పు మీద నిలిచి ఉన్న నీళ్ళన్నీ ఆయన ప్యాంటు మీదికి. రొట్టె కవరు. కవరులో ఆకుపచ్చ జాకెట్టు ముక్క. పక్కనే క్లాండాల్కిన్‌లో ఒకరింటికి వరలక్ష్మీ వ్రతానికి వెళ్తే పెట్టిందే, జరీ అంచుది. తాడు బారెడు వేలాడుతోంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మాయి, పైజమాలో, ముఖం ఎర్రగా.

"నువ్వు పెట్టావా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"సారీ, డాడ్. స్టార్మ్ వస్తోంది కదా... యూ హావ్ టు కీప్ ద సాల్ట్ అవుట్." లోకంలో అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పింది.

"ఉప్పేమిటే? ఇది లూకన్! సముద్రం ఎక్కడుంది, మనమెక్కడున్నాం? ఈ నీళ్ళు ఎవరు తాగుతారు?"

అది ఆయన చేతిలోని ఉండను చూసింది, తాడును చూసింది. నెమ్మదిగా నావైపు తిరిగింది.

"మామ్, దెన్ వై డూ ఐ నో దట్?"

నేను తడి మెట్టుమీదే కూలబడ్డాను. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఉండను దాని చేతుల్లో పెట్టాను. అది తెలియకుండానే రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. అప్పుడు చెప్పాను, తాడు ఎవరు చుట్టేవాళ్ళో. అది ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు. "అప్పుడు నా నాలుక బయటికి ఉండేదా?" అని మాత్రం అడిగింది. మా ఆయన తడిసిన ప్యాంటుతో అక్కడే నిలబడి మొత్తం విన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను కలిసింది. అక్కడ ఇంకా పొద్దున్నే. తెరమీద ఆంటీ. బాగా చిక్కిపోయింది, జుట్టు ముగ్గుబుట్టైంది, వీపు మాత్రం నిటారుగానే ఉంది. మేం ముగ్గురం సోఫాలో ఇరుక్కుని కూర్చున్నాం. ఆవిడ చూపంతా పిల్లమీదే. ఏమీ అనదు. పిల్లా ఏమీ అనదు. మా ఆయన మోచేత్తో దాన్ని పొడిచాడు. నేను నోరు తెరవబోయి, ఆంటీ చేతులు కట్టుకోవడం చూసి ఆగిపోయాను. ఆవిడ ఎదురుచూస్తోంది. నేను అందించకూడదు. నా ప్రాణాలన్నీ ఆ పిల్ల నోటిమీదే ఉన్నాయి.

"గుడ్ మార్నింగ్" అంది మా అమ్మాయి.

ఆంటీ ముఖం విచ్చుకుంది. "గుడ్ మార్నింగ్, బిడ్డా. ఇప్పుడు చెప్పు, ఏమిటి సంగతులు?"

"నేను తుఫానుకు గొట్టం మూశాను" అంది అది, గుక్క తిప్పుకోకుండా.

"తోక వదిలావా?"

"వదిలాను."

"వెలిశాక? ఇంకో వాన కప్పును కడిగేదాకా ఆగి తీశావా?"

అది వాళ్ళ నాన్నవైపు చూసింది. "డాడ్ వెంటనే పీకేశాడు."

"మీ నాన్నకు ఎప్పుడూ తొందరే. నిక్కరు వేసుకోవడానికి మాత్రం తొందర ఉండేది కాదు" అంది ఆంటీ. మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఏ నిక్కరు? ఏ నిక్కరు?" అని వెంటపడింది. ఆయన సోఫాలోంచి లేచిపోయాడు.

ఇంకేవేవో అడిగి, ఆవిడ ముందుకు వంగింది. "ట్యాంకు నిండిందా మరి?"

"ఇక్కడ ట్యాంకు లేదు, ఆంటీ. నీళ్ళు డ్రెయిన్‌లోకి పోతాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ నావైపు చూసి, మెల్లగా అంది. "ఎలాంటి చోటికి తీసుకుపోయావే దీన్ని?"

మా అమ్మాయే జవాబు చెప్పింది. "ఇట్స్ గ్రాండ్, ఆంటీ. నేను బకెట్ పెడతాను."

నేను ఫోను దాని చేతికిచ్చి వంటింట్లోకి వచ్చేశాను. ముందుగదిలో ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏ బకెట్, ఎక్కడ పెట్టాలి, మూత ఉందా, దోమలొస్తాయా. ఇక నేనొక్కదాన్నే కాదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిచే చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకుంటారు కొంతమంది ఆడవాళ్ళు. నేనూ తిప్పాను. నీళ్ళు వృథాగా పోతుంటే చూడలేక వెంటనే కట్టేశాను. ఇక చేసేదేముంది, వాళ్ళకు వినపడేలాగే గట్టిగా ఏడ్చాను.